చర్చాలేఖలయందు లాఘవము

చర్చలో వ్రాయువాఁడు మితముగా వ్రాయవలెనని యెల్లరు నందురు. ఆ మితి యెట్టిదో పాణినీయమువలనఁ దెలియనగును.

అష్టాధ్యాయిలోఁ బ్రత్యాహారము, అనువృత్తి యను నుపాయములచే లాఘవము సిద్ధించినది. 14 మాహేశ్వరసూత్రము లాధారముగా 'అచ్' అన్నంతనే యచ్చులన్నియు బోధపడును. పూర్వసూత్రమందలి పదము పరసూత్రములకు వచ్చుచుండుటచే దానిని మరలఁ జెప్పఁబనిలేదు. చర్చకుఁడును నట్లే యెదిరి చెప్పినదెల్ల మరల వ్రాయక, వివాదస్థలమును మాత్రము చూపి, తన పక్షమును, హేతువును, ఒక యుదాహరణమును జెప్పినఁ జాలును. స్తుతినిందలు విడువఁదగినవి.

అయినను లాఘవమునకు నవధి కలదు. టి, ఘు, భ యని యేకాక్షరసంజ్ఞలు చేసిన పాణినియే 'సర్వనామము' అను దీర్ఘసంజ్ఞను గ్రహించెను. అది యన్వర్థసంజ్ఞ, పేరే యర్థమును దెలుపును. అక్షరములు పెరిగినను బోధ సులభమైనది. శబ్దలాఘవముకంటె వేఱుగాఁ బ్రతిపత్తిలాఘవమును వైయాకరణు లెన్నుట యిందులకే. "ఇది చెల్లదు" అని మాత్రము వ్రాసినచో నక్షరములు తగ్గును గాని, యేల చెల్లదో తెలియక ప్రత్యుత్తరములు పెరుఁగును. అట్టిది లాఘవము గాదు, గౌరవమే.

కావున లేఖను బంపుటకు ముందు ప్రతిపదమును దీసి చదివి చూడవలెను. అర్థము చెడనిచో నా పదము వ్యర్థము. చెడినచో నది యెంత దీర్ఘమైనను నుండఁదగినది.