వీణ్ణి కాస్త మార్చండి: పిల్లల మానసిక చికిత్సపై అపోహలు – వాస్తవాలు

అల్లరి శ్రుతిమించిన పిల్లాణ్ణి సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది కోరేది ఒక్కటే: "వీణ్ణి కాస్త మార్చండి." తాము బయట కూర్చుంటే లోపల వాడికి నచ్చజెప్పి పంపిస్తారని ఆశ. పిల్లల చికిత్స గురించి ఉన్న అపోహల్లో అన్నిటికంటే పెద్దది ఇదే.

అపోహ: కౌన్సెలింగ్ అంటే పిల్లలకు బుద్ధులు చెప్పడం

బుద్ధులకు మారేవాడైతే తాతయ్య చెప్పినప్పుడే మారేవాడు. చిన్నపిల్లల్లో మొండితనం, కొట్టడం, వస్తువులు విసరడం లాంటివాటికి బాగా పనిచేస్తుందని రుజువైన పద్ధతి తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడం. అమెరికాలోని ఒరెగన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ బృందం 1960ల నుంచే ఇళ్లకు వెళ్లి, తల్లీబిడ్డల మధ్య జరిగేదంతా వరసగా రాసుకుంది. వాళ్లు గమనించింది మన కిరాణా కొట్ల ముందు రోజూ జరిగేదే. పిల్లాడు చాక్లెట్ అడుగుతాడు. అమ్మ వద్దంటుంది. ఏడుస్తాడు. గద్దిస్తుంది. నేల మీద పడి దొర్లుతాడు. నలుగురూ చూస్తున్నారని కొనిపెడుతుంది. ఏడుపు టక్కున ఆగుతుంది. దొర్లితే దొరుకుతుందని వాడికి తెలిసింది, కొనిస్తే గొడవ ఆగుతుందని ఆమెకూ తెలిసింది. మర్నాడు వాడు అడగడం, ఏడవడం లాంటివేం పెట్టుకోడు, నేరుగా దొర్లుతాడు.

అందుకే శిక్షణ పెద్దవాళ్లకు. మంచిపని చేసిన వెంటనే అదేమిటో చెప్పి మెచ్చుకోవాలి. "గుడ్ బాయ్" సరిపోదు, "చెప్పగానే చెప్పులు స్టాండులో పెట్టావే" అనాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. ఒకసారి కాదన్నాక ఇక కాదు. 1970ల్లో షీలా ఐబర్గ్ రూపొందించిన పద్ధతిలోనైతే తల్లి చెవిలో చిన్న స్పీకర్ పెడతారు. ఆమె బిడ్డతో ఆడుకుంటుంటే, అద్దం అవతల ఉన్న థెరపిస్టు ఏం అనాలో అప్పటికప్పుడు అందిస్తుంటారు.

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. లొంగడం మానేసిన తొలిరోజుల్లో అల్లరి తగ్గదు, పెరుగుతుంది. రోజూ తెరుచుకునే తాళం ఇవాళ తెరుచుకోకపోతే తాళంచెవిని ఇంకాస్త గట్టిగా తిప్పుతాం కదా, అలాగే. "ఇవన్నీ మన ఇళ్లల్లో కుదరవండీ" అని చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. పైగా అమ్మ వద్దన్నది నానమ్మ దగ్గర దొరికితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడప్పుడు దొరికేదాని కోసం పిల్లలు ఇంకా పట్టుబడతారు. అనుభవమున్న థెరపిస్టులు నానమ్మనూ తీసుకురమ్మనేది అందుకే.

అపోహ: అయితే తప్పంతా తల్లి పెంపకానిదే

ఈ నింద తండ్రి మీద పడటం నేనైతే పెద్దగా చూడలేదు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని ఒకప్పుడు పాశ్చాత్య నిపుణులే నమ్మారు. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రింలాండ్ 1964లో రాసిన పుస్తకం ఆ వాదనను గట్టిగా దెబ్బతీసింది. మెదడు ఎదుగుదలలో తేడా వల్ల ఆటిజం వస్తుందని, అందులో జన్యువుల పాత్ర ఎక్కువని ఇప్పుడు తెలుసు. ఫోన్ చూపించడం వల్లే వచ్చిందనేది ఆ పాత నిందకే కొత్త రూపం. ఫోన్ తగ్గించడం మంచిదే, ఆ కారణంతో తల్లిని దోషిని చేయడం మాత్రం తగదు.

అపోహ: బడిలో నోరు విప్పదంటే పొగరే

ఇంట్లో వసపిట్టలా మాట్లాడే ఐదేళ్ల పాప బడిలో నెలల తరబడి పెదవి కదపదు. టాయిలెట్‌కు వెళ్తానని అడగలేక బట్టలు తడుపుకుంటుంది. దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. ఇది ఆందోళనకు సంబంధించిన సమస్య. మాట్లాడకూడదని కాదు, గొంతు పెగలదు. బడిలో చేరిన మొదటి నెల మౌనాన్ని, కొత్త మీడియం వల్ల వచ్చే మౌనాన్ని ఈ లెక్కలో వేయరు.

"ఏదీ, ఆంటీకి పేరు చెప్పు" అని బలవంతపెడితే ఇంకా బిగుసుకుపోతుంది. చికిత్స మెల్లగా, మెట్టు మెట్టుగా సాగుతుంది. బడి వదిలాక ఖాళీ తరగతి గదిలో అమ్మతో ఆడుకోనిస్తారు. పాప మాటలు మొదలయ్యాక టీచరు గుమ్మం బయట నిలబడతారు. కొన్నాళ్లకు లోపలికొచ్చి ఓ మూల నోటుపుస్తకాలు సర్దుకుంటారు, ఇటు చూడరు. తర్వాత బల్ల దగ్గరికి వస్తారు. మాట ఆగిందా, ఒక అడుగు వెనక్కి. టీచరుతో ఆట కుదిరాక అమ్మ మెల్లగా బయటికి జరుగుతుంది.

అపోహ: రెండు తగిలిస్తే సరి

దెబ్బకు ఆ నిమిషానికి ఊరుకుంటాడు కాబట్టే ఈ నమ్మకం నిలిచింది. తరచూ దెబ్బలు తినే పిల్లల్లో దూకుడు పెరుగుతుందనే పరిశోధనలు చెబుతున్నాయి. బడిలోనైతే శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది.

అపోహ: మందులిచ్చి మత్తులో పడేస్తారు

మామూలు మొండితనానికి మందులుండవు. మందు అవసరం పడేది ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) లాంటి సమస్యలకు. అది ఉందని తేల్చాలంటే లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, ఇల్లు, బడి లాంటి కనీసం రెండు చోట్ల కనిపించాలి. బడిలో మాత్రమే కనిపిస్తే బోర్డు సరిగా ఆనుతోందా, చదవడంలో ఇబ్బంది ఉందా, ఎవరైనా ఏడిపిస్తున్నారా అని ముందు చూడాలి. ఆరేళ్లలోపు వారికి మొదట తల్లిదండ్రుల శిక్షణే. తర్వాత వాడే మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందు కాదు, ఉత్తేజకం (స్టిమ్యులెంట్). ఆకలి, నిద్ర తగ్గవచ్చు కాబట్టి డాక్టరు బరువు, ఎత్తు చూస్తూ ఉంటారు.

అపోహ: ఒకసారి వెళితే పిచ్చి అని ముద్ర పడుతుంది

చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) నమోదు ఉందా అని నిరభ్యంతరంగా అడగొచ్చు. "ఇంట్లో మేమేం చెయ్యాలి?" అన్నదానికి వారాల తరబడి జవాబు రాకపోతే వేరే చోటు చూసుకోవడం మేలు. ఎదుగుదల లోపాలకు సికింద్రాబాద్‌లో జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) ఉంది, చాలా జిల్లాల్లో జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు (డీఈఐసీ) ఉన్నాయి. ముందు ఫోన్‌లో మాట్లాడి చూద్దామనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.