ప్రాథమికోన్నత తరగతుల్లో గ్రీకు పురాణగాథలు: పరిశోధన, రచనల ద్వారా బోధన

వ్యాససంగ్రహం

అమెరికాలో 6 నుంచి 8వ తరగతి వరకు గల మిడిల్ స్కూలు విద్యలో గ్రీకు పురాణగాథలు సుస్థిరమైన పాఠ్యాంశం. ఈ గాథల ఆధారంగా విద్యార్థుల చేత చిన్న పరిశోధన వ్యాసాలు రాయించడం అక్కడి తరగతుల్లో పరిపాటి. అయితే ఒక దేవతను ఎంచుకొని వివరాలు రాసుకురమ్మనే అభ్యాసం చాలావరకు నకలు రాయడంతోనే ముగుస్తుంది. గ్రీకు గాథలకు ఏకైక ప్రామాణిక కథనం లేకపోవడమే వాటిని పరిశోధనాభ్యాసానికి అనువైనవిగా చేస్తోందని, కథనాల మధ్య ఉన్న భేదాన్ని ప్రశ్నగా మలచినప్పుడే విద్యార్థి రచన పరిశోధన అనిపించుకుంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పండోరా, పెర్సెఫొనీ గాథలను నిదర్శనాలుగా తీసుకొని బోధనాక్రమాన్ని, అందులో ఎదురయ్యే చిక్కులను వివరిస్తుంది.

కీలకపదాలు: గ్రీకు పురాణగాథలు, మిడిల్ స్కూలు బోధన, కథాభేదం, ఆధారాల పరిశీలన, విద్యార్థి రచన.

1. ప్రవేశిక

కాలిఫోర్నియా రాష్ట్రం 1998లో ఆమోదించిన చరిత్ర, సామాజికశాస్త్ర ప్రమాణాలు ప్రాచీన నాగరికతల అధ్యయనాన్ని 6వ తరగతిలో చేర్చాయి. ఆనాటి ప్రజల నిత్యజీవితంలో గ్రీకు పురాణగాథలకున్న ప్రాధాన్యాన్ని, నేటి సాహిత్యంలోనూ భాషలోనూ గ్రీకు సాహిత్యం కొనసాగుతున్న తీరును విద్యార్థి వివరించగలగాలని అవి నిర్దేశించాయి. 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాలు దీనికి రచనాభ్యాసాన్ని జోడించే వీలు కల్పించాయి. వాటి ప్రకారం 6వ తరగతి విద్యార్థి ఒక ప్రశ్నకు సమాధానం వెతుకుతూ పలు ఆధారాలతో చిన్న పరిశోధన చేయాలి. 8వ తరగతి విద్యార్థి ఒక ఆధునిక కల్పనా రచన పురాణగాథల నుంచి ఏం స్వీకరించిందో, దాన్ని ఎలా నవీకరించిందో విశ్లేషించాలి.

తరగతికి వచ్చేనాటికే విద్యార్థులకు ఈ గాథలతో కొంత పరిచయం ఉంటుంది. ఒకప్పుడు మిడిల్ స్కూలు ఉపాధ్యాయుడిగా పనిచేసిన రిక్ రియోర్డన్ 2005లో ప్రచురించిన 'ది లైట్నింగ్ థీఫ్' నవల ఈ పరిచయాన్ని మరింత విస్తృతం చేసింది. కనుక ఉపాధ్యాయుడి ఎదుట ఉన్న సమస్య ఆసక్తి కలిగించడం కాదు. ఉన్న ఆసక్తిని ప్రశ్నగా మార్చడం.

పరిభాష విషయంలో ఒక స్పష్టత అవసరం. తెలుగులో 'పురాణం' అనే మాట పంచలక్షణాలు గల ఒక గ్రంథజాతిని సూచిస్తుంది. గ్రీకు సంప్రదాయంలో అటువంటి గ్రంథజాతి లేదు. అక్కడి గాథలు ఇతిహాసాల్లో, స్తోత్రాల్లో, నాటకాల్లో, మట్టిపాత్రల మీది చిత్రాల్లో, ఆలయశిల్పాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఈ వ్యాసంలో 'పురాణగాథ' అనే మాటను ఆ విస్తృతార్థంలోనే గ్రహించాలి.

2. దేవతా నివేదిక: పరిమితులు

తరగతుల్లో ఎక్కువగా కనిపించే అభ్యాసం 'దేవతా నివేదిక'. విద్యార్థి ఒక దేవతను ఎంచుకొని తల్లిదండ్రులు, ఆయుధం, వాహనం, చిహ్నం, ముఖ్యమైన కథ అనే శీర్షికల కింద వివరాలు రాస్తాడు. ఈ అభ్యాసానికి కొంత ప్రయోజనం లేకపోలేదు. పేర్లు, సంబంధాలు గుర్తుంటాయి. కాని ఇందులో విద్యార్థి తేల్చవలసిన విషయం ఏదీ లేదు. సమాధానం ముందే సిద్ధంగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తి రాయడమే సులభమార్గం. నకలు రాయవద్దని ఎంత హెచ్చరించినా, అభ్యాసం స్వభావమే నకలును కోరుతున్నప్పుడు ఆ హెచ్చరిక నిష్ఫలమవుతుంది.

మరొక నష్టం కూడా ఉంది. శీర్షికల కింద సర్దిన వివరాలు అన్నీ ఒకే కాలానికి, ఒకే రచనకు చెందినవన్న భ్రమను కలిగిస్తాయి. అకిలీజ్ మడమ కథ ఇందుకు మంచి ఉదాహరణ. శిశువైన అకిలీజ్‌ను తల్లి స్టిక్స్ నదిలో ముంచిందన్న ఉదంతం 'ఇలియడ్'లో లేదు. అది క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ రచనలో కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య ఏడు వందల ఏళ్లకు పైగా అంతరం ఉంది. నివేదికలో మాత్రం రెండూ పక్కపక్క వాక్యాలవుతాయి.

3. కథాభేదమే పరిశోధనకు ద్వారం: పండోరా

క్రీ.పూ. 700 ప్రాంతానికి చెందిన హీసియడ్ పండోరా గాథను రెండు చోట్ల చెప్పాడు. 'థియోగొనీ'లో దేవతలు రూపొందించిన తొలి స్త్రీ ప్రస్తావన ఉంది గాని ఆమెకు పేరు లేదు, ఆమె చేతిలో పాత్ర కూడా లేదు. 'వర్క్స్ అండ్ డేస్'లో ఆమె పండోరా అవుతుంది. ఒక పాత్ర మూత తీస్తుంది. కీడులు లోకమంతా వ్యాపిస్తాయి. ఆశ మాత్రం ఆ పాత్ర అంచు కిందే నిలిచిపోతుంది.

ఆ పాత్ర పెట్టె కాదు. హీసియడ్ వాడిన 'పిథోస్' అనే మాటకు ధాన్యం, నూనె, ద్రాక్షసారాయం నిల్వచేసే పెద్ద మట్టికాగు అని అర్థం. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ లాటిన్‌లో ఈ కథను చెబుతూ చిన్న పెట్టె అనే అర్థం గల 'పిక్సిస్' అనే మాటను వాడాడు. డోరా, ఎర్విన్ పనోఫ్‌స్కీలు 1956లో ప్రచురించిన గ్రంథంలో ఈ మార్పు చరిత్రను వివరించారు. నథానియల్ హాథార్న్ 1851లో పిల్లల కోసం రాసిన 'ఎ వండర్ బుక్'లో పండోరా ఒక చిన్న పిల్లగా, పాత్ర ఒక పెట్టెగా కనిపిస్తాయి.

పదకొండేళ్ల విద్యార్థికి ఈ విషయాన్ని పాఠంగా చెప్పడం వేరు, కనుగొనేలా చేయడం వేరు. హీసియడ్ ఆంగ్లానువాదంలోని భాగాన్ని, హాథార్న్ కథలోని భాగాన్ని పక్కపక్కన ఇచ్చి తేడాలు గుర్తించమంటే, కాగు పెట్టెగా మారిన సంగతి విద్యార్థుల కంటనే పడుతుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్న ప్రశ్న ఆ వెంటనే పుడుతుంది. ఇంకా లోతైన ప్రశ్న మరొకటి ఉంది. కీడులతో నిండిన కాగులో ఆశ ఎందుకు ఉంది? లోపల మిగిలిన ఆశ మనుషులకు దక్కినట్టా, దక్కనట్టా? దీనిమీద పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఎత్తి రాయదగిన సిద్ధసమాధానం లేదు కనుకనే ఇది విద్యార్థికి నిజమైన ప్రశ్న.

4. ఎన్ని గింజలు? ఎన్ని నెలలు?: పెర్సెఫొనీ

పెర్సెఫొనీ గాథ ఆధారాలను పోల్చే అభ్యాసానికి ఇంకా అనువైనది. ఇందులో భేదాలు అంకెల్లో ఉన్నాయి కనుక 6వ తరగతి విద్యార్థి కూడా వాటిని పట్టికగా వేయగలడు. హోమర్ పేరుతో ప్రచారంలో ఉన్న డిమీటర్ స్తోత్రంలో ఆమె తిన్నది ఒక్క దానిమ్మ గింజ. పాతాళంలో గడపవలసింది ఏడాదిలో మూడో వంతు. అపొల్లొడోరస్ పేరుతో లభిస్తున్న 'బిబ్లియోథికా' కూడా ఇదే చెబుతుంది. ఓవిడ్ 'మెటమార్ఫసెస్'లో గింజలు ఏడు, పాతాళవాసం ఆరు నెలలు. అదే ఓవిడ్ 'ఫాస్తీ'లో గింజలు మూడే. ఏడాది విభజన మాత్రం ఇక్కడా సగం సగమే. ఒకే కవి రెండు రచనల్లో రెండు లెక్కలు చెప్పడం విద్యార్థులను ఆశ్చర్యపరిచే విషయం.

అంకెల భేదం దాటి ముందుకు వెళితే కర్తృత్వ భేదం కనిపిస్తుంది. 'మెటమార్ఫసెస్'లో పెర్సెఫొనీ తోటలో తిరుగుతూ తానే పండు కోసుకొని తింటుంది. స్తోత్రంలో కథకుడు హేడీస్ రహస్యంగా గింజ ఇచ్చాడంటాడు. అదే స్తోత్రంలో తరువాత తల్లికి జరిగింది చెబుతూ పెర్సెఫొనీ, అతడు బలవంతంగా తినిపించాడంటుంది. ఒకే రచనలో కథకుడి మాటకూ పాత్ర మాటకూ మధ్య ఈ ఎడం ఎందుకుంది? ఆమె తల్లి ముందు తనను సమర్థించుకుంటోందా, లేక కథకుడు దాచిన నిజాన్ని చెబుతోందా? ఎవరు చెబుతున్నారు, ఎవరితో చెబుతున్నారు అన్న సాహిత్య విమర్శ మౌలికసూత్రం ఇక్కడ సిద్ధాంతభాష అవసరం లేకుండానే విద్యార్థికి అందుతుంది.

ఈ గాథ భూగోళశాస్త్రంతోనూ ముడిపడుతుంది. ఆధునిక బాలల పుస్తకాలు పెర్సెఫొనీ పాతాళవాసాన్ని శీతకాలంతో సమానం చేస్తాయి. స్తోత్రంలోనూ ఆమె రాక వసంతంలోనే. అయితే గ్రీసులో ధాన్యం శరత్కాలంలో విత్తి, వేసవి ఆరంభంలో కోస్తారు. మండు వేసవిలో పొలాలు బీడుగా ఉంటాయి. దీని ఆధారంగా మార్టిన్ నిల్సన్, పాతాళవాసం వేసవిలో ధాన్యాన్ని భూగర్భంలో నిల్వచేసే కాలాన్ని సూచిస్తుందని వాదించాడు. 8వ తరగతి విద్యార్థి ఈ వాదాన్ని స్తోత్రంలోని వసంత ప్రస్తావనతో పోల్చి, ఏది ఎంతవరకు నిలుస్తుందో తేల్చవచ్చు.

5. బోధనాక్రమం

పై నిదర్శనాల నుంచి నాలుగు దశల క్రమాన్ని రూపొందించుకోవచ్చు.

మొదటి దశ ప్రశ్న నిర్మాణం. 'పెర్సెఫొనీ ఎవరు?' అనేది సమాచారాన్ని మాత్రమే కోరుతుంది. 'గింజ తినడంలో పెర్సెఫొనీ ఇష్టం ఎంత?' అనేది ఆధారాలను కోరుతుంది. కెన్ మాక్రోరీ 1980లో 'సెర్చింగ్ రైటింగ్' గ్రంథం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన అన్వేషణ వ్యాసం ఈ దశలో ఉపకరిస్తుంది. తనకు ముందే తెలిసింది, తెలుసుకోదలచింది, వెతికిన తీరు, చివరికి తేలినది అనే క్రమంలో విద్యార్థి తన అన్వేషణనే కథగా రాస్తాడు.

రెండో దశ ఆధారాల వర్గీకరణ. ప్రాచీన రచనల అనువాదాలు, ప్రాచీన కళాఖండాలు ఒక వర్గం. బల్‌ఫించ్ (1855), ఈడిత్ హామిల్టన్ (1942) వంటి వారి పునఃకథనాలు రెండో వర్గం. బాలల నవలలు, చలనచిత్రాలు, అంతర్జాల పుటలు మూడో వర్గం. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్న పెర్సియస్ డిజిటల్ లైబ్రరీలో మూలాలు, అనువాదాలు లభిస్తాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన సేకరణలోని అనేక చిత్రాలను స్వేచ్ఛగా వాడుకోనిస్తోంది.

మూడో దశ పోలిక పట్టిక. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏం చెప్పారు, ఏది విడిచిపెట్టారు అనే నాలుగు గడులు చాలు. చరిత్రకారులు పత్రాలను చదివే తీరుపై శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రకటించిన అధ్యయనం, వారు విషయం కన్నా ముందు రచయితను, కాలాన్ని గమనిస్తారని చూపింది. ఈ పట్టిక ఆ అలవాటుకు తొలి మెట్టు.

నాలుగో దశ రచన. ముందు వివరణాత్మక వ్యాసం, తరువాత సృజనాత్మక పునఃకథనం అనే వరుస మేలైనది. పునఃకథనానికి అరపుట వివరణ జోడించాలి. ఏ కథనాన్ని అనుసరించిందీ, ఎక్కడ ఎందుకు మార్చిందీ విద్యార్థి అందులో చెప్పాలి. అప్పుడు కల్పన కూడా ఆధారాలకు జవాబుదారీ అవుతుంది.

6. ఎదురయ్యే చిక్కులు

మొదటి చిక్కు గాథల్లోని హింస, లైంగిక దౌర్జన్యం. మెడూసా కథను ఓవిడ్ చెప్పినట్టు చదివితే, దేవాలయంలో బలాత్కారానికి గురైన కన్య శిక్షను కూడా తానే అనుభవిస్తుంది. ఈ వయసు వారికి అన్నీ చదివించనక్కరలేదు. కాని అపహరణను వివాహంగా మార్చి చెప్పడం కన్నా, వయసుకు తగిన మాటల్లో అపహరణ అనే చెప్పడం నిజాయితీ. పిల్లల పుస్తకాలు ఏమి దాచాయన్నది కూడా పై తరగతుల్లో పరిశోధనాంశం కాగలదు.

రెండో చిక్కు సాపేక్షవాదం. కథనాలు అనేకమని తెలిసిన విద్యార్థి, ఎవరికి తోచింది వారు చెప్పవచ్చుననే నిర్ణయానికి రావచ్చు. కథనాలన్నీ అధ్యయనార్హాలే, వాటి గురించి చేసే ప్రకటనలన్నీ సత్యాలు కావు. 'హీసియడ్ పెట్టె అన్నాడు' అనేది తప్పే. ఈ విచక్షణను నేర్పకపోతే పద్ధతి మొత్తం వ్యర్థం.

మూడో చిక్కు అనువాదం. విద్యార్థి చదివేది హీసియడ్‌ను కాదు, అనువాదకుడి హీసియడ్‌ను. ఒకే వాక్యానికి రెండు అనువాదాలు చూపడం ద్వారా ఈ స్పృహ కలిగించవచ్చు.

7. తెలుగు బోధకులకు అన్వయం

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ పాఠ్యప్రణాళికలోనే చదువుతున్నారు. కాలిఫోర్నియా 6వ తరగతి ప్రమాణాల్లో గ్రీసుతో పాటు ప్రాచీన భారతదేశమూ ఉంది. వారికి కథాభేదం కొత్త విషయం కానక్కరలేదు. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదని, ఉడుత సాయం చేసిన కథ వాల్మీకంలో లేక రంగనాథ రామాయణంలో ఉందని తెలుగు సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. అయితే ఈ సామ్యానికి ఒక హద్దు ఉంది. గ్రీకు దేవతారాధన ప్రాచీనకాలపు చివరిలోనే క్షీణించింది. రామకథ నేటికీ ఎందరికో ఆరాధ్యం. పద్ధతి ఒక్కటే అయినా తరగతిలో మాట్లాడే తీరు ఒక్కటి కాజాలదు.

8. ముగింపు

1. గ్రీకు గాథలకు ప్రామాణిక మూలకథనం లేకపోవడం బోధనకు అడ్డంకి కాదు. అదే దాని బలం.
2. నకలు సమస్యకు పరిష్కారం హెచ్చరికల్లో కన్నా ప్రశ్న స్వభావంలోనే ఎక్కువగా ఉంది. సిద్ధసమాధానం లేని ప్రశ్న నకలుకు లొంగదు.
3. పండోరా కాగు, పెర్సెఫొనీ గింజ వంటి చిన్న వివరాలే ఈ వయసు విద్యార్థిని ఆధారాల పరిశీలనలోకి సహజంగా నడిపిస్తాయి.
4. కథనాల బహుళత్వాన్ని గౌరవించడం, వాటి గురించి కచ్చితంగా మాట్లాడటం అనే రెండూ కలిసి నేర్పవలసిన గుణాలు.

కథ విన్న పిల్లవాడు 'తరువాత ఏమైంది?' అని అడుగుతాడు. 'ఇది ఎవరు చెప్పారు?' అని కూడా అడగడం నేర్చుకున్ననాడు అతడు పరిశోధనలో తొలి అడుగు వేసినట్టే.