మొదటి డెబ్బైమంది ఎటు వెళ్తే అటే

జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వచ్చిన మర్నాడు మన పత్రికల మొదటి పేజీలూ, కూడళ్లలో హోర్డింగులూ ర్యాంకర్ల ఫొటోలతో నిండిపోతాయి. ఎవరికెంత ర్యాంకు వచ్చిందో ఊరంతటికీ తెలుస్తుంది. ఆ ర్యాంకుతో వాళ్లు ఎక్కడ చేరారు, అక్కడే ఎందుకు చేరారు అన్న సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. జవాబు అందరికీ ముందే తెలుసు గనక పట్టదు. ఐఐటీ బాంబే, కంప్యూటర్ సైన్స్. ఓపెన్ కేటగిరీలో ఆ సీట్లు ఈ మధ్య ఏటా 70వ ర్యాంకు రాకముందే అయిపోతున్నాయి (అమ్మాయిలకు 2018 నుంచి అదనంగా ఇస్తున్న సీట్ల లెక్క వేరు). ఆ తర్వాత ఢిల్లీ, ఆపైన మద్రాసు, కాన్పూర్. ఏడాదికి లక్షా ఎనభై వేల మంది దాకా రాసే పరీక్షలో మొదటి వరసన నిలిచిన పిల్లలంతా కూడబలుక్కున్నట్టు ఒకే ఆప్షన్‌ను మొదట పెడుతున్నారు. వాళ్లు కాలేజీని చూసి ఎంచుకుంటున్నారని మనం అనుకుంటాం. నిజానికి వాళ్లు చూసేది నిరుడు ఆ ర్యాంకులు వచ్చినవాళ్లు ఎటు వెళ్లారన్నదే. అందులో తెలివి లేదని చెప్పను. కానీ ఆ తెలివి వాళ్లకు పనికొచ్చినంతగా వాళ్ల వెనకున్న వేల మందికి పనికిరాదు.

ముందు సీట్లు ఎలా ఇస్తారో చూద్దాం. 2015 నుంచి ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలు అన్నిటికీ కలిపి జోసా పేరుతో ఒకే కౌన్సెలింగ్ నడుస్తోంది. అంతకుముందు ఐఐటీలకొకటి, ఎన్‌ఐటీలకొకటి వేర్వేరుగా ఉండేవి. ఒకే విద్యార్థి రెండు చోట్లా సీటు పట్టుకుని కూర్చుంటే ఏదో ఒకటి చివరికి ఖాళీగా మిగిలేది. ఇప్పుడు ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చు. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితవేత్తలు 1962లో చూపిన పద్ధతే దీనికి పునాది. ఈ పద్ధతిలో ఎత్తులు వేయాల్సిన పనిలేదు. రాదేమోనన్న భయంతో ఇష్టమైన సీటును కిందికి నెట్టినా కలిసొచ్చేదేమీ ఉండదు, మనసులో ఉన్న వరసనే పెట్టుకోవడం అన్నివిధాలా మేలు. వచ్చిన సీటు చాలనుకుంటే ఫ్రీజ్, ఇంకా పైదేమైనా దొరుకుతుందేమో చూద్దామంటే ఫ్లోట్, అదే కాలేజీలో మెరుగైన బ్రాంచి కావాలంటే స్లయిడ్. ఇన్ని వెసులుబాట్లు ఉన్నాయి కాబట్టి జోసా వెబ్‌సైట్లో పెట్టే ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకుల పట్టికను దొంగ ఓట్లు లేని ఎన్నిక ఫలితంగా తీసుకోవచ్చు. పిల్లలకు నిజంగా ఏది కావాలో అది చెబుతుంది. ఎందుకు కావాలో మాత్రం చెప్పదు.

చదువు నాణ్యత కోసమేనంటే ఒక చిక్కు వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులు మొదలుపెట్టిన నాటి నుంచి ఇంజినీరింగ్‌లో మొదటి స్థానం ఒక్కసారి కూడా ఐఐటీ మద్రాసు చేయి దాటలేదు. అయినా టాపర్లు దాన్ని ఖాతరు చేయడం లేదు. మన పిల్లల సంగతే చూడండి. 2023లో తొలి పది ర్యాంకుల్లో ఆరు తెలుగు రాష్ట్రాలున్న హైదరాబాద్ జోన్‌కే వచ్చాయి. ఐఐటీ హైదరాబాద్ ఉన్న కంది వాళ్లలో చాలామందికి ఇంటి పక్కన ఉన్నట్టే, చెన్నై రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి వస్తుంది. అయినా ఆ స్థాయి ర్యాంకర్ల చూపంతా ఐఐటీ బాంబే ఉన్న పొవాయ్ మీదే. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అంత గొప్పదా అని ఎవరైనా అడిగితే కాదనే అంటాను. పరిశోధన పత్రాల లెక్కా, జనంలో ఉన్న పేరూ లాంటివన్నీ కలిపి వేసే ఆ మార్కులకూ బీటెక్ మొదటి ఏడాది తరగతి గదికీ ఉన్న సంబంధం అంతంతమాత్రం. కానీ దాన్ని పక్కన పెట్టినంత మాత్రాన పిల్లల దగ్గర అంతకన్నా మంచి కొలబద్ద ఉన్నట్టు కాదు. ఇంటర్ రెండేళ్లూ తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో గడిపిన పదిహేడేళ్ల కుర్రాడికి, పొవాయ్‌లో ఆల్గరిదమ్స్ ఎవరు బాగా చెబుతారో కాన్పూర్‌లో ఎవరు చెబుతారో తెలిసే వీలెక్కడుంది? అతని చేతిలో ఉన్న సమాచారమల్లా నిరుటి క్లోజింగ్ ర్యాంకులూ, సీనియర్ల మాటలూ, యూట్యూబ్ వీడియోలూ. సీనియర్లకు మాత్రం ఏం తెలుసు, అంతకుముందు ఏడాది పట్టికే.

ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ 1992లో రాసిన ఒక పత్రం ఈ వ్యవహారాన్నంతా ఒక చిన్న ఉదాహరణలో పట్టుకుంది. పక్కపక్కన రెండు హోటళ్లున్నాయి. ఏది మంచిదో ఒక్కొక్కరికీ సొంతంగా కొంత సమాచారం ఉంది. మొదటివాడు ఏదో ఒకదాంట్లోకి వెళ్తాడు. వెనకొచ్చినవాడు తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి, మొదటివాడికి ఏదో తెలిసుంటుందిలే అని అటే నడుస్తాడు. మూడోవాడికి ఇద్దరు కనిపిస్తారు. ఇక తిరుగులేదు. నిజానికి రెండో హోటల్ మేలని ఎక్కువ మందికి తెలిసినా మొదటిదే కిటకిటలాడుతుంది. ఇందులో ఎవరూ మూర్ఖులు కారు, ఎవరి మట్టుకు వాళ్లు సబబుగానే ఆలోచించారు. మన టాపర్ల వరసలో ఒక తేడా మాత్రం ఉంది. హోటల్లో పక్కన ఎవరు కూర్చున్నా మన పళ్లెంలో రుచి మారదు. కాలేజీలో మారుతుంది.

ఐఐటీ బాంబేను సమర్థించేవాళ్ల గట్టి వాదన ఇక్కడే ఉంది. చదువు చెప్పేది మాస్టార్లొక్కరే కాదు, సగం చదువు హాస్టల్ గదిలో పక్కమంచం వాడు చెబుతాడు. తొలి డెబ్బైమందీ ఒకే క్లాసులో ఉంటే ఆ క్లాసు స్థాయి వేరుగా ఉంటుంది. కంపెనీలు అక్కడికే ముందు వస్తాయి, పూర్వ విద్యార్థులు అక్కడివాళ్లకే ముందు చేయూతనిస్తారు. ఈ వాదనను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే టాపర్లది గుడ్డి అనుకరణ అనడం సరికాదు. అయితే ఒప్పుకున్నదేమిటో కూడా చూడాలి. ఆ క్లాసు విలువ వాళ్లంతా అక్కడ చేరడం వల్ల పుట్టింది. రేపు ఆ డెబ్బైమందీ కట్టగట్టుకుని కాన్పూర్ వెళ్తే ఆ విలువలో పెద్దపాలు వాళ్లతో పాటే వెళ్తుంది, కంపెనీలూ వెనకాలే వెళ్తాయి. అంటే క్లోజింగ్ ర్యాంకులో ఎక్కువ భాగం జనం పోగైన చోటును చూపిస్తుంది. కాలేజీ వాళ్లకు అదనంగా ఏం నేర్పిందో వేరు చేసి చూపించదు.

కాన్పూర్ పేరు ఊరికే ఎత్తలేదు. ఐబీఎం 1620 కంప్యూటర్ 1963లో అక్కడికి వచ్చింది, మన దేశంలో కంప్యూటర్ సైన్స్ చదువుకు తొలి ఇల్లు అదే. 2002లో ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది త్వరగా తేల్చే పద్ధతిని కనిపెట్టి ప్రపంచాన్ని నివ్వెరపరిచిన ముగ్గురూ అక్కడివాళ్లే. వాళ్లలో మణీంద్ర అగ్రవాల్ ఆచార్యుడు, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు. 2006లో వాళ్లకు గోడెల్ బహుమతి వచ్చింది. ఇప్పటి క్లోజింగ్ ర్యాంకుల వరస చూసి ఆ శాఖ దిగజారిందని ఎవరైనా అనుకుంటే అంతకు మించిన పొరపాటు లేదు. వరస మారింది, అంతే. ఇక 2020లో మొదటి ర్యాంకు వచ్చిన కుర్రాడు అప్పటికే అమెరికాలో ఎంఐటీ సీటు సంపాదించుకుని ఐఐటీ గడపే తొక్కలేదు. ఆ ఏడాది పట్టికలో అది ఒక గీత కూడా పెట్టలేదు.

జీతాల మాట వదిలేశావేమని తల్లిదండ్రులు అడుగుతారు. కోటి రూపాయల ప్యాకేజీ అని పేపర్లో పడేది ఒక పిడికెడు మంది సంగతి. ఐఐటీ బాంబేలోనే 2023–24లో సగటు జీతం ఏడాదికి 23.5 లక్షలు, అదే ఏడాది అదే చోట నాలుగు లక్షలకు ఉద్యోగం ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకే గేటు లోపల ఇంత అంతరం ఉన్నప్పుడు రెండు గేట్ల మధ్య తేడా గురించి అంత తర్జనభర్జన దేనికి? ఈ ప్రశ్నను అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే పరిశోధకులు 2002లో తూకం వేసి చూశారు. ఒకే స్థాయి కాలేజీల్లో సీట్లు వచ్చి, కొందరు పెద్ద పేరున్నదాంట్లో, కొందరు తక్కువ పేరున్నదాంట్లో చేరినవాళ్లను పోల్చారు. ఏళ్ల తర్వాత చూస్తే మొత్తమ్మీద వాళ్ల సంపాదనల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద కాలేజీలో సీటు తెచ్చుకోగలిగిన పిల్లవాడు ఎక్కడ చేరినా రాణించాడన్నమాట. అమెరికా లెక్క ఇక్కడ ఎలా చెల్లుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. మన దగ్గర కంపెనీలు కాలేజీ పేరు చూసే గడప తొక్కుతాయి, కాబట్టి పేరుకు ఇక్కడ గిరాకీ ఎక్కువే. కానీ ఆ తేడా ఐఐటీకీ ఊరి చివర ప్రైవేటు కాలేజీకీ మధ్య కొండంత. మొదటి ఐఐటీకీ నాలుగో ఐఐటీకీ మధ్య అది కొండంత అని చెప్పడానికి రుజువేదీ కనపడదు.

అసలు నష్టం టాపర్లది కాదు. మొదటి వంద ర్యాంకులవాళ్లు ఏది ఎంచుకున్నా చల్లగానే ఉంటారు. నాలుగు వేల ర్యాంకు దగ్గరున్న విద్యార్థి పరిస్థితి వేరు. ఐఐటీ బాంబే సివిల్, ఐఐటీ తిరుపతి కంప్యూటర్ సైన్స్ ఇంచుమించు అక్కడక్కడే ముగుస్తుంటాయి. ఈ రెంటిలో ఏది కావాలన్నది నిజమైన ప్రశ్న, జవాబు మనిషిని బట్టి మారాల్సిన ప్రశ్న. దానికి కూడా ఇంట్లో వినిపించే మాట ఒకటే: "ఈ ర్యాంకుకి అది వస్తుంటే ఇది తీసుకోవడమేంట్రా, ర్యాంకు వేస్టు." ర్యాంకును మిగల్చకుండా ఖర్చుపెట్టి తీరాల్సిన డబ్బులా చూడటం అన్నమాట. వంతెనలు, నీటిపారుదల అంటే ఇష్టమున్నవాడు కూడా పట్టికలో రెండు మెట్లు పైనున్న బ్రాంచి పెట్టుకుంటాడు. పేరు కోసం బాంబేలో ఏదో ఒకటి పట్టుకుని మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మార్చుకుందామనుకునేవాళ్లకు ఆ దారీ ఇరుకవుతోంది, కొన్ని ఐఐటీలు ఆ వెసులుబాటునే ఎత్తేశాయి. ఆప్షన్లు పెట్టేముందు ఆ నిబంధన చదివేవాళ్లకన్నా క్లోజింగ్ ర్యాంకులు బట్టీపట్టేవాళ్లే ఎక్కువ.

డేల్, క్రూగర్ల లెక్కలో ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాటేస్తే వాదన చెడుతుంది. పెద్దగా చదువుకోని తల్లిదండ్రుల పిల్లలకు, పేద ఇళ్లనుంచి వచ్చినవాళ్లకు పేరున్న కాలేజీ నిజంగానే అక్కరకొచ్చింది. ఉద్యోగం సంగతి ఎవరినడగాలో చెప్పే బంధువులు లేని పిల్లవాడికి ఆ బంధువర్గాన్ని కాలేజీయే ఇస్తుంది. మన ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, ఏడాదికి లక్ష లోపు ఆదాయమున్న ఇళ్ల పిల్లలకూ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. కాబట్టి పేరు కోసం బాంబే వెళ్లాలన్న సలహా ఎవరికైనా నప్పితే, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న ఆ నాలుగు వేల ర్యాంకు పిల్లవాడికో పిల్లకో నప్పవచ్చు. ఇద్దరు ఇంజినీర్ల ఇంట్లో పుట్టిన అరవయ్యో ర్యాంకు కుర్రాడికి దానివల్ల కలిసొచ్చేది తక్కువ. సలహాలన్నీ మాత్రం ఆ అరవయ్యో ర్యాంకు చుట్టూనే తిరుగుతాయి.