మోడెం తెలివి ఎక్కడికి పోయింది

1990ల చివర్లో లినక్స్ మీద ఒక నింద స్థిరపడిపోయింది. కంప్యూటర్‌లో ఎక్కుతుంది, తెర వెలుగుతుంది, ప్రింటరు కూడా కాస్త బతిమాలితే పలుకుతుంది, మోడెం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొరాయిస్తుంది అని. మోడెం లేకపోతే ఆ రోజుల్లో ఇంటర్నెట్ లేనట్టే. విచిత్రం ఏమిటంటే లినక్స్ పుట్టిందే మోడెం పక్కన. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్, ఇంటి నుంచి విశ్వవిద్యాలయపు యూనిక్స్ యంత్రానికి ఫోన్ తీగ మీద కలవడానికి ఒక టెర్మినల్ ప్రోగ్రాం రాసుకున్నాడు. ఫైళ్లు దించుకునే వీలు కూడా ఉంటే బాగుండునని డిస్కు డ్రైవరు, ఫైల్ సిస్టం చేర్చుకుంటూ పోతే చివరికది ఆపరేటింగ్ సిస్టం అయి కూర్చుంది. ఒకసారి డయల్ చేయమన్న ఆదేశాన్ని పొరపాటున మోడెంకు బదులు హార్డ్‌డిస్కుకు పంపి, అందులో ఉన్న మరో ఆపరేటింగ్ సిస్టం మినిక్స్‌ను చేజేతులా చెరిపేసుకున్నాడు; మళ్లీ దాన్ని ఎక్కించే ఓపిక లేక సొంత వ్యవస్థతోనే సాగిపోయాడు. ఇలాంటి పుట్టుక ఉన్న లినక్స్ ఎనిమిదేళ్లు తిరిగేసరికి బజారులో దొరికే అతి చవక మోడెంను నడపలేకపోయిందంటే, చెడింది లినక్సా, మోడెమా? మోడెమే అంటాను. దాని లోపల ఉన్న తెలివిని తయారీదారులు బయటికి తీసి, తాళం వేసిన చోట పెట్టారు. ఆ తాళంచెవి ఒక్క విండోస్ చేతికే ఇచ్చారు.

టెలిఫోన్ తీగ మనిషి గొంతు కోసం వేసింది. సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉండే ధ్వనినే అది మోస్తుంది. కంప్యూటర్ అంకెలను ఆ హద్దుల్లో ఇమిడే కూతలుగా మార్చి పంపడం, అవతలి కూతలను మళ్లీ అంకెలుగా విడదీయడం మోడెం పని. 1960ల మొదట్లో ఏటీ అండ్ టీ తెచ్చిన బెల్ 103లో ఈ పని ఎంత సాదాగా ఉండేదంటే, ఫోన్ చేసిన వైపు నుంచి సున్నాకు 1,070 హెర్ట్జ్, ఒకటికి 1,270; ఎత్తిన వైపు నుంచి 2,025, 2,225. ఈ నాలుగు స్వరాలతో ఇద్దరూ ఏకకాలంలో మాట్లాడుకోవచ్చు, సెకనుకు 300 బిట్ల చొప్పున. పెద్ద మలుపు 1981లో వచ్చింది. అమెరికాలోని జార్జియాలో డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ తయారుచేసిన స్మార్ట్‌మోడెం వేగం కూడా ఆ 300 బిట్లే, కానీ దాని లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉంది. కంప్యూటర్ పంపే అక్షరాలను అది చదువుకుంటుంది. ‘ఏటీ’ అని మొదలైతే అది తనకిచ్చిన ఆదేశం. ఏటీడీటీ అని నంబరు వేస్తే టోన్‌తో డయల్ చేస్తుంది, ఏటీడీపీ అంటే పాత ఎక్స్చేంజీలకు పనికొచ్చే పల్స్‌తో, ఏటీహెచ్ అంటే ఫోన్ పెట్టేస్తుంది. లైను కలిశాక వచ్చేదంతా అవతలికి పంపాల్సిన సరుకు. మధ్యలో మళ్లీ మోడెంతోనే మాట్లాడాలంటే ఒక సెకను మౌనం, మూడు ప్లస్ గుర్తులు, మరో సెకను మౌనం. మామూలు డేటాలో ముందూ వెనకా అంత విరామంతో సరిగ్గా మూడు ప్లస్‌లు పడటం అరుదు కదా, ఆ అరుదుతనం మీదే ఏర్పాటంతా నిలబడింది.

ఈ ఏర్పాటు వల్ల ఆపరేటింగ్ సిస్టంకు మోడెం గురించి తెలియాల్సింది దాదాపు ఏమీ మిగల్లేదు. సీరియల్ పోర్టులోకి అక్షరాలు తొయ్యడం, వచ్చినవి తీసుకోవడం వస్తే చాలు. ఆ పోర్టు చిప్పు ఎలా పనిచేస్తుందో అందరికీ తెలుసు. మొదటి పోర్టు 3ఎఫ్8 చిరునామాలో, 4వ నంబరు ఇంటరప్టు మీద ఉంటుంది. 16550 రకమైతే 16 బైట్ల చిన్న నిల్వ కూడా ఉంటుంది. మోడెం వేగం 9,600 నుంచి 14,400కు, 28,800కు, 1998లో వి.90 ప్రమాణంతో 56,000కు ఎగబాకింది. లోపల లెక్కలు నాలుగు స్వరాల దశ దాటి ఎక్కడికో పోయాయి. తన గొంతు ప్రతిధ్వనిని తనే తీసివేసుకోవడం, లైను నాణ్యత కొలిచి దానికి తగ్గట్టు సర్దుకోవడం, తప్పు పడిన బిట్లను పట్టుకోవడం అన్నీ మోడెం నేర్చుకుంది. వీటిలో ఏ ఒక్కదాని కోసమూ లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో ఒక్క వాక్యం మార్చాల్సిన పని పడలేదు. కెర్నల్‌కు తెలిసిన మొదటి పోర్టు, టీటీవైఎస్0, ఎప్పటిలాగే ఉంది.

సీరియల్ మోడెంతో లినక్స్ సుఖంగా సాగిందని దీని అర్థం కాదు. చాట్ అనే చిన్న ప్రోగ్రాంకు ఏ మాట వస్తే ఏ మాట పలకాలో ఒక స్క్రిప్టు రాసివ్వాలి. ‘కనెక్ట్’ అన్న జవాబు రాగానే పీపీపీడీ అనే మరో ప్రోగ్రాం అందుకుని అవతలి సర్వరుతో పాస్‌వర్డు, ఐపీ చిరునామా బేరం తేల్చుకోవాలి. స్క్రిప్టులో ఒక్క కొటేషన్ గుర్తు తప్పితే అంతా మొదటికే. కానీ చిక్కు ఎక్కడుందో పైకి కనిపించేది. ‘నో డయల్‌టోన్’ అంటే మోడెం ఎదురుచూసే స్వరం, మన ఎక్స్చేంజి ఇచ్చే స్వరం ఒకటి కావని. ఏటీఎక్స్3 అని చేర్చితే ఆ స్వరం కోసం ఆగకుండా డయల్ చేసేస్తుంది. ‘నో క్యారియర్’ అంటే అవతలి మోడెంతో పొత్తు కుదరలేదని. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను ప్రజలకు తెరిచినప్పుడు, విద్యార్థులకిచ్చిన షెల్ ఖాతాలో అక్షరాలు తప్ప బొమ్మలు రావు. ఆ ఖాతాకు పీపీపీ కూడా అక్కర్లేదు, మినికామ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రాం చాలు.

ఆ తర్వాత విన్‌మోడెం వచ్చింది. ఆ పేరు యూఎస్ రోబోటిక్స్ వాళ్లది, క్రమంగా ఆ జాతి మొత్తానికీ అంటుకుంది. ఆలోచన సులువే: కంప్యూటర్‌లో పెంటియం చిప్పు సగం సమయం ఖాళీగా ఉంటోంది, మోడెం కార్డులో మళ్లీ ఇంకో ప్రాసెసర్ ఎందుకు? మొదటి రకంలో ఆదేశాలు చదివే ప్రాసెసర్‌ను మాత్రం తీసేశారు, సంకేతాల లెక్కలు చేసే చిప్పును ఉంచారు. రెండో రకంలో అదీ పోయింది. ఫోన్ తీగ మీది శబ్దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా ఇచ్చే భాగం మాత్రం కార్డు మీద మిగిలింది. ఆ అంకెల్లోంచి బిట్లు వెలికితీయడం, ప్రతిధ్వని తీసివేయడం, ‘ఏటీ’ అంటే ఏమిటో అర్థం చేసుకోవడం అన్నీ విండోస్ డ్రైవరు పనులైపోయాయి. ఇలాంటి కార్డును లినక్స్ యంత్రంలో పెడితే ఎల్ఎస్‌పీసీఐ జాబితాలో ‘కమ్యూనికేషన్ కంట్రోలర్’ అని ఒక వరుస కనబడుతుంది, అంతే. సీరియల్ పోర్టు కనబడదు. ‘ఏటీ’ అని టైపు చేస్తే ‘ఓకే’ అనడానికి అవతల ఎవరూ లేరు. నోరున్న మోడెం ‘నో డయల్‌టోన్’ అనైనా అనేది, ఇది అదీ అనదు.

చవకగా చేయడం నేరమా అని అడగవచ్చు. కాదు. బయట పెట్టుకునే మోడెం కొనలేని ఇళ్లకు ఇంటర్నెట్ చేర్చింది ఈ కార్డులే. నిజానికి సిగ్నల్ లెక్కలను సాఫ్ట్‌వేర్‌లో చేయడం చక్కని ఇంజనీరింగ్. ఇవాళ రేడియో పరిశోధన సగం ఆ దారిలోనే నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ అంటే లినక్స్ వాళ్లకు పండగే కావాలి. తర్వాత ఎఫ్ఎఫ్ఎంపెగ్, క్యూఈఎంయూలతో పేరు తెచ్చుకున్న ఫాబ్రిస్ బెల్లార్ లిన్‌మోడెం పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మోడెం రాయడానికి పూనుకున్నాడు కూడా. అంతర్జాతీయ ప్రమాణాల పత్రాలు చదివి లెక్కలు రాసుకోవచ్చు. కానీ ఫలానా చిప్పులోకి ఏ రిజిస్టరు ద్వారా నమూనాలు పంపాలో, ఫోన్ లైనును ఏ బిట్‌తో ఎత్తాలో ఏ ప్రమాణమూ చెప్పదు. అది చిప్పు చేసినవాళ్లే చెప్పాలి. చాలామంది చెప్పలేదు. కాబట్టి నా తగాదా చవకతనంతో కాదు, ఈ మౌనంతో.

మౌనానికి కారణాలున్నాయని తయారీదారుల తరఫున వాదించవచ్చు, ఆ వాదన బలహీనమైనదేమీ కాదు. వేగవంతమైన మోడెం పద్ధతుల మీద పేటెంట్లుండేవి, కొన్నిటిని డబ్బు కట్టి తెచ్చుకున్నారు. అమెరికాలో ఫోన్ లైనుకు తగిలించే పరికరానికి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి అప్పట్లో కావాల్సి వచ్చేది. డ్రైవరే మోడెం అయినప్పుడు దాన్ని ఎవరుపడితే వారు మార్చుకోవచ్చంటే ఆ అనుమతి గతేమిటన్న సందేహం సహజం. అయితే రహస్యం కాపాడుకుంటూనే దారి ఇవ్వవచ్చని ఐబీఎం చూపించింది. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలోని ఎంవేవ్ మోడెంకు కెర్నల్ భాగాన్ని మూలంతో సహా విడుదల చేసి, లెక్కల చిప్పు మీద నడిచే భాగాన్ని మాత్రం మూసి ఉంచింది. దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ కోనెక్సాంట్ చిప్పులకు లినక్సాంట్ సంస్థ అమ్మిన డ్రైవరు. ఉచితంగా తీసుకుంటే వేగం 14,400 దగ్గర ఆగిపోతుంది, డబ్బు కడితే పూర్తి 56,000. కార్డు కొన్నప్పుడే 56,000కు డబ్బిచ్చిన మనిషి రెండోసారి ఇవ్వాలన్నమాట. 2004లో ఆ డ్రైవరులో ఒక తమాషా బయటపడింది. ప్రతి కెర్నల్ మాడ్యూలూ తన లైసెన్సు ఏమిటో ఒక మాటలో చెప్పుకోవాలి. మూసిన డ్రైవరైతే కెర్నల్ తనకు మరక పడినట్టు గుర్తు పెట్టుకుని హెచ్చరిక చూపుతుంది. ఈ డ్రైవరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు పేరైన ‘జీపీఎల్’ అని రాసి, వెంటనే సున్నా బైటు పెట్టి, ఆ తర్వాత ‘ఫలానా డైరెక్టరీలోని ఫైళ్లకు మాత్రమే’ అన్న అర్థంలో మిగతా వాక్యం రాసింది. సీ భాషలో సున్నా బైటు దగ్గర వాక్యం ముగుస్తుంది. కెర్నల్ ‘జీపీఎల్’ దాకా చదివి నమ్మింది. పదేపదే వచ్చే హెచ్చరికలు చూసి వినియోగదారులు కంగారుపడకుండా అలా చేశామని సంస్థ సంజాయిషీ ఇచ్చింది. ఉద్దేశం ఏదైనా, నిజం చెబుతూనే వినబడకుండా చెప్పిన తీరు మెచ్చుకోదగ్గదే!

ఇక లినక్స్ పక్షాన్నీ వదలకూడదు. మూసిన డ్రైవర్లు ఏళ్ల తరబడి పనిచేయాలంటే కెర్నల్ లోపలి ఒప్పందాలు మారకుండా ఉండాలి. లినక్స్ కెర్నల్ రాసేవాళ్లు అలాంటి హామీ ఇవ్వలేదు, ఇవ్వబోమని సూటిగానే రాసి పెట్టారు. దాంతో ఒక కెర్నల్‌కు కష్టపడి కుదిర్చిన మోడెం డ్రైవరు తర్వాతి కెర్నల్‌తో మూలపడేది. ఆ బాధ పడింది వినియోగదారుడే, ఇందులో లినక్స్‌కు వాటా ఉంది. అయితే లోపలి ఒప్పందాలు మారకుండా ఉండి ఉంటే మోడెంలు బతికేవా? విండోస్ తరాలు మారినప్పుడు కూడా తయారీదారు కొత్త డ్రైవరు ఇవ్వని సాఫ్ట్‌మోడెంలు చెత్తబుట్టకే చేరాయి. సీరియల్ తీగతో తగిలించే పాత మోడెం మాత్రం రెండు వ్యవస్థల్లోనూ ఎన్ని తరాలు మారినా పలికింది.

నా వాదనకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించేది హేస్ చరిత్రే. నేను ఇంతసేపూ బహిరంగ ఒప్పందంగా చెప్పుకొచ్చిన ‘ఏటీ’ పద్ధతి ధర్మబుద్ధితో పంచింది కాదు. మౌనం, మూడు ప్లస్‌లు, మౌనం అన్న ఉపాయానికి హెదరింగ్టన్ పేరిట పేటెంటు తీసుకుని, హేస్ కంపెనీ పోటీదారులను కోర్టుకీడ్చి గెలిచింది. మిగతా ఆదేశాలను అందరూ అనుకరించారు, అవి వాడుకలో పడి, చివరికి అంతర్జాతీయ ప్రమాణంలోకి ఎక్కాయి. పేటెంటు రుసుము కట్టడం ఇష్టం లేని కొందరు మౌనం అక్కర్లేకుండా ప్లస్‌లను గుర్తించే మోడెంలు చేశారు. దాని ఫలితం 1998లో కనిపించింది. ఎవరైనా దూరాన కూర్చుని మూడు ప్లస్‌లు, ఏటీహెచ్0 అన్న అక్షరాలున్న పింగ్ పొట్లాం పంపితే, మర్యాదగా దాన్ని తిరిగి పంపబోయిన కంప్యూటర్ ఆ అక్షరాలను తన మోడెంకే వినిపించేది. మోడెం ఫోన్ పెట్టేసేది. కాబట్టి బహిరంగమైనదంతా భద్రమని నేననను. కానీ విరుగుడు చూడండి: డయల్ చేసే ముందు ఏటీఎస్2=255 అని ఒక ఆదేశం ఇస్తే ప్లస్‌లను పట్టించుకోవడం మానేస్తుంది. తయారీదారు అనుమతి, కొత్త డ్రైవరు, డబ్బు ఏవీ అక్కర్లేదు. ఒప్పందం పుట్టుక ఎంత స్వార్థంతో కూడినదైనా, అది అందరికీ కనబడేచోట ఉంది కనుక రోగం, మందు రెండూ కనబడ్డాయి. హేస్ కంపెనీ 1999 నాటికి మూతపడింది, ఆదేశాలు మిగిలాయి.

మిగలడమే కాదు, డయలప్ పోయాక కూడా వాటికి పని తగ్గలేదు. మన ఊళ్లలో యూఎస్‌బీ డేటా కార్డులు అమ్ముడుపోయిన రోజుల్లో లినక్స్ వాటిని సీరియల్ పోర్టులుగానే చూసింది. 3జీ అయితే *99#కు, సీడీఎంఏ అయితే #777కు పాత ఏటీడీటీతోనే డయల్ చేసేది. అక్కడా ఒక చిక్కు ఉండేది. కార్డు ముందు తనను సీడీ డ్రైవుగా చెప్పుకుని విండోస్ డ్రైవర్లు అందించేది, యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాం దానికి ఒక సందేశం పంపితే గాని మోడెం రూపం ఎత్తేది కాదు. లినక్స్ నడిచే పైన్‌ఫోన్‌లో మోడెం భాగమైన క్వెక్టెల్ ఈజీ25-జీ ఒక విడి కంప్యూటరే. దాని లోపల నడిచేది కూడా లినక్సే, ఫోన్‌లోని లినక్స్‌తో అది ‘ఏటీ’ ఆదేశాల్లోనూ మాట్లాడుతుంది. ఔత్సాహికులు ఆ లోపలి లినక్స్‌ను తీసేసి తమది పెట్టుకోగలిగారు. రేడియో సంకేతాల లెక్కలు చేసే భాగం మాత్రం ఇప్పటికీ మూసిన ఫర్మ్‌వేరే.