తొలి కణాన్ని వెతుక్కుంటూ వెళ్ళే ప్రోటీన్

ఎయిడ్స్‌కు కారణమైన వైరస్ దొరికిందని 1984లో ప్రకటిస్తూ, రెండేళ్ళలో టీకా పరీక్షలకు సిద్ధమవుతుందని అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ ఆశ పెట్టారు. ఆ ఆశ ఎందుకు వమ్మయిందో వైరస్ పైనున్న ప్రోటీన్ ముల్లును చూస్తే తెలుస్తుంది. దాని ఒళ్ళంతా చక్కెర అణువులు దట్టంగా కమ్ముకుని ఉంటాయి. బయటికి కనిపించే కాస్త భాగమూ అదేపనిగా రూపు మారుస్తుంది. ఆ ముల్లులోని జీపీ120 ముక్కతో చేసిన టీకా 2003లో విఫలమైంది.

అయితే, మన కణాలను పట్టుకునే చోటును మాత్రం వైరస్ ఇష్టమొచ్చినట్టు మార్చుకోలేదు. సరిగ్గా అక్కడే అతుక్కుని దాదాపు 90 శాతం హెచ్‌ఐవీ రకాలను అడ్డుకునే వీఆర్‌సీ01 అనే యాంటీబాడీ, వైరస్ సోకిన ఒక మనిషి రక్తంలో 2010లో బయటపడింది. చిక్కల్లా దాని పుట్టుకలో ఉంది. ఎన్నో మార్పుల తర్వాతే అది అంత పదునెక్కింది. దాని తొలి రూపాన్ని మోసే బి-కణం (యాంటీబాడీలను తయారుచేసే కణం) మామూలు జీపీ120ని గుర్తే పట్టదు. దానికి నేరుగా వైరస్ ముక్కను చూపడమంటే ఓనమాలు దిద్దించకుండా భారతం చేతికివ్వడమే.

కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో విలియం షీఫ్ బృందం ప్రశ్ననే తిరగేసింది: ఆ తొలి కణానికి నచ్చే ప్రోటీన్‌ను మనమే ఎందుకు తయారు చేయకూడదు? హెచ్‌ఐవీ టీకాల చరిత్రలో ఇంతకంటే సాహసమైన ఆలోచన నాకు కనబడదు. జీపీ120 బయటి భాగాన్ని కంప్యూటర్ మీద కుదించి, అడ్డొచ్చే చక్కెరలను తీసేశారు. రకరకాల రూపాలను ఈస్ట్ కణాల మీద మొలిపించి, గట్టిగా అతుక్కునేవాటిని ఏరారు. అలా 2013లో ఇఓడీ-జీటీ6 అనే ప్రోటీన్ వెలుగుచూసింది, దాన్ని ఇంకా సానబెడితే జీటీ8 వచ్చింది. వేడి ఊటల్లో బతికే ఒక బ్యాక్టీరియా నుంచి తెచ్చిన ఎంజైముకు దాన్ని అతికించారు. ఆ ఎంజైము 60 ప్రతులు వాటంతటవే గోళంగా అమరతాయి కాబట్టి, ఒక్కో గోళం మీద 60 జీటీ8లు నిలిచాయి.

వెతకాల్సిన కణం సుమారు 3 లక్షల బి-కణాల్లో ఒక్కటే. అయినా 2018లో మొదలైన పరీక్షలో ఈ గోళాల టీకా వేసుకున్న 36 మందిలో 35 మందికి ఆ కణాలు మేల్కొన్నాయి! ఫలితం చదివినప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించింది.

ఇది ఇంకా రక్షణ కాదు. మేల్కొన్న కణాలను వీఆర్‌సీ01 స్థాయికి నడిపించాలంటే, అసలు వైరస్‌కు మెల్లగా దగ్గరయ్యే వేర్వేరు ప్రోటీన్లను వరసగా ఇవ్వాలి. జీటీ8ను ఎంఆర్ఎన్ఏ రూపంలో అమెరికా, రువాండా, దక్షిణాఫ్రికాల్లో పరీక్షించారు. అమెరికాలో రెండో రకం ప్రోటీన్‌తో బూస్టర్ కూడా ఇచ్చి చూస్తే, యాంటీబాడీలు మరో మెట్టు ఎక్కినట్టు 2025లో వెల్లడైంది. కొందరికి దద్దుర్లు వచ్చాయి, ముందు వాటి కారణం తేల్చాలి.