రాఘవాపురం అడవీ, సైన్సు మాస్టారూ, ఊరి బావీ

సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో సుమారు 70 ఎకరాల అడవి ఒకటుంది. అది అటవీశాఖది కాదు. ఆ ఊరివారే అయిన దుశ్చర్ల సత్యనారాయణ గారు తమ తాతతండ్రుల భూమిలో చిన్ననాటి నుంచీ పెంచిన అడవి. చెట్లు, కుంటలు, పక్షులు, జంతువులు, అన్నీ అక్కడ తమ మానాన తాము ఉంటాయి. ఆయన బ్యాంకు ఉద్యోగం వదులుకుని జలసాధన సమితి పేరిట నల్లగొండ ఫ్లోరైడు బాధితుల పక్షాన పోరాడినవారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. తాగునీటి గోడు ఢిల్లీకి వినిపించాలన్నదే ఆ నామినేషన్ల వెనకున్న ఉద్దేశం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి, పోలింగు వాయిదా పడిన సంగతి మన ఇళ్ళలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

చెట్టు, నీరు, ఆరోగ్యం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చూపే సజీవ పాఠం అంత దగ్గరలో ఉంది. అయితే పల్లె బడిలోని సైన్సు మాస్టారుకు ఆ పాఠం చెప్పే శిక్షణ ఎవరిస్తున్నారు?

పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లోనూ పాఠ్యాంశంగా బోధించాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2001-02లో కేంద్ర ప్రభుత్వం జాతీయ హరితదళం ప్రారంభించింది. ఎంపికైన ప్రతి బడిలో ఒక ఎకో క్లబ్బు, దానికి ఒక ఉపాధ్యాయుడు బాధ్యుడు. సాధారణంగా ఆ బరువు పడేది సైన్సు టీచరు మీదే. జిల్లా కేంద్రంలో జరిగే శిక్షణకు వెళ్ళి రావలసింది కూడా ఆయనే, లేదా ఆమే.

ఏర్పాటు మంచిదే. కానీ చాలాచోట్ల క్లబ్బు పని జూన్ 5న ర్యాలీ, వ్యాసరచన పోటీ, నాలుగు మొక్కలు, ఒక ఫొటోతో ముగుస్తుంది. ఆ మొక్కల్లో మరుసటి వేసవికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేవారుండరు. తప్పంతా మాస్టారు మీద నెట్టడం న్యాయం కాదు. పదో తరగతి సిలబస్సు, జనాభా లెక్కలు, ఎన్నికల విధులు అన్నీ ఆయన నెత్తినే ఉంటాయి. ఒకటి రెండు రోజుల శిక్షణలో ఓజోన్ పొర గురించి, ధ్రువాల మంచు గురించి విని వచ్చిన మనిషి, సొంత ఊరి బోరుబావి గురించి ఏం చెప్పాలో తెలియక ఆగిపోతాడు.

నిజానికి మన ప్రాంతంలో పాఠం కాళ్ళ కిందే ఉంది. ఇక్కడి నేల గ్రానైటు రాతి నేల. నీరు ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళతరబడి నిలిచినప్పుడు రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది. లీటరు తాగునీటిలో అది 1 మిల్లీగ్రాముకు మించకూడదనీ, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చనీ ప్రమాణం. మించితే పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు వస్తాయి, మరీ ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు ‘నల్లగొండ పద్ధతి’. మన జిల్లా పేరుతో ఉన్న ఈ ప్రయోగాన్ని బకెట్లతో తరగతిలో చేసి చూపవచ్చు. మన బడుల్లో ఎంతమంది పిల్లలు దాన్ని కళ్ళారా చూశారు? మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీరు ఇళ్ళకు చేరింది, సంతోషం. అంతమాత్రాన బోరు నీటి గుణం మారిపోలేదు కదా!

రెండో పాఠం కొలతది. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలిచే పథకం నడిచింది. అందులో నల్లగొండ కూడా ఉంది. రైతులు వానను కొలిచారు, బావుల్లో నీటిమట్టాన్ని కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేసుకున్నారు. అక్షరం రాని రైతులు కూడా ఆ పని చేయగలిగారు. అలాంటప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకు అది ఎంత పని? తాడు, రాయి, నోటుబుక్కు ఉంటే చాలు. నెలకొకసారి ఒకే బావిని కొలిస్తే మూడేళ్ళలో ఊరికి తన నీటి చరిత్ర చేతికొస్తుంది. శిక్షణలో మాస్టారుకు నేర్పవలసింది ఇదే: కొలవడం, రాసిపెట్టడం, రాసింది గ్రామసభలో చదివి వినిపించే ధైర్యం. ఆ మూడోది వస్తేనే ఆయన ఊరికి నాయకుడవుతాడు.

మన కుటుంబాలకు సంబంధించిన మాట ఒకటుంది. ఉర్దూ మీడియం బడుల ఉపాధ్యాయులకు ఈ శిక్షణ సామగ్రి ఉర్దూలో అందాలి, తెలుగులో విని వచ్చి తామే తర్జుమా చేసుకునే అవస్థ వారికి తప్పాలి. ఇక మసీదులో రోజుకు ఐదుసార్లు వుజూ చేసిన నీరు చాలాచోట్ల మురికి కాల్వలోకే పోతుంది. దాన్ని చెట్ల పాదులకు మళ్ళించాలన్నా, ఇంకుడు గుంత తవ్వాలన్నా కమిటీ పెద్దలు ఆ ఊరి సైన్సు మాస్టారును పిలిచి అడగవచ్చు. గుంత ఎంత లోతుండాలో, బావికి ఎంత దూరంలో ఉండాలో ఆయన విద్యార్థులతోనే లెక్క కట్టించగలడు. పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఉండదు.

చివరి చిక్కు బదిలీ. శిక్షణ పొందిన మాస్టారు వెళ్ళిపోతే క్లబ్బు కూడా ఆయనతోనే వెళ్ళిపోతుంది. అందుకే బడికి ఒక్కరికి కాదు, ఇద్దరికి శిక్షణ ఇవ్వాలి. బావి లెక్కల రిజిస్టరు మాస్టారు సంచిలో కాదు, ప్రధానోపాధ్యాయుని బీరువాలో ఉండాలి. ఈసారి బడి కమిటీ సమావేశానికి వెళ్ళినప్పుడు అలాంటి రిజిస్టరు ఉందా అని అడగండి. లేదంటే, వచ్చే నెల నుంచి ఏ బావిని కొలుస్తారో అడగండి.