ఊడ్వని కోళ్ల షెడ్డు

కోడిపిల్లలు చావకుండా ఉండాలంటే షెడ్డు ఎప్పటికప్పుడు ఊడ్చి, నేల మీద పరిచిన పాత పొట్టును, అంటే లిట్టర్‌ను పారబోసి, కొత్తది పరవాలని కోళ్ల రైతులకు ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. ఆ మాటను తిరగేసింది అమెరికాలో ఒహాయో రాష్ట్రం, వూస్టర్‌లోని వ్యవసాయ ప్రయోగ కేంద్రం.

1940లలో అక్కడి పరిశోధకులు కెన్నార్డ్, చాంబర్లిన్ లిట్టర్ ఎత్తెయ్యడం మానేశారు. పాతదాని మీదే కొత్త పొరలు వేస్తూ, బ్యాచి తర్వాత బ్యాచిని అందులోనే పెంచారు. అంతకుముందు మూడేళ్లలో నూటికి సగటున 19 పిల్లలు చనిపోతే, తర్వాతి మూడేళ్లలో 7 మాత్రమే పోయాయి. అంతవరకు దాదాపు ప్రతి బ్యాచినీ పీడించిన కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు బెడద కూడా తగ్గిపోయింది.

ఇంకో వింత. చేపపొడి, మాంసంపొడి లేని మేత వేసినా పాత లిట్టర్ మీది కోళ్లు చక్కగా ఎదిగాయి. ఆ పొడుల్లో ఉండే బి12 విటమిన్‌ను రెట్టలో పెరిగే సూక్ష్మజీవులూ తయారుచేస్తాయి. కోళ్లు లిట్టర్‌ను కెలికి ఏరుకు తింటూ దాన్ని పొందాయి. ఆ విటమిన్‌ను శాస్త్రవేత్తలు ఎర్రని స్ఫటికాలుగా వేరుచేసింది 1948లో.

పాత లిట్టర్ పనిచేయడంలో కిటుకు సులువే. రెట్టలో నత్రజని, పొట్టులో కర్బనం ఉంటాయి. రెండూ కలిస్తే సూక్ష్మజీవులకు సమతుల ఆహారం. కోళ్లు కాళ్లతో తిరగేస్తుంటే గాలి ఆడుతుంది, చెమ్మ ఆరుతుంది. తడి పెరిగి గడ్డ కట్టిందా, గాలి అందదు. అమ్మోనియా ఘాటుకు కోళ్ల కళ్లు మండుతాయి, పాదాలు పుండ్లు పడతాయి.

మన బ్రాయిలర్ షెడ్లలో ఇలా మందంగా పరిచే డీప్ లిట్టర్‌కు ఎక్కువగా వాడేది వరి ఊక. అందులో సిలికా ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు, కానీ రంపపు పొట్టులా నీటిని పీల్చుకోదు. అందుకే వానాకాలంలో చిక్కు. తడి పరీక్షకు పరికరాలేం అక్కర్లేదు. గుప్పెడు లిట్టర్ తీసి పిడికిలి బిగించండి. ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ. దుమ్ములా జారిపోతే మరీ ఎండింది. కాస్త అతుక్కుని, వేలు తగలగానే విడిపోతే తేమ సరిపోయినట్టే.

ఈ పద్ధతిలో తగ్గేది ఊడ్చే పనే గానీ కనిపెట్టుకునే పని కాదు. నీటి డ్రింకర్ల చుట్టూ రోజూ చూడండి. తడిసిన చోట ఆ రోజే ఎత్తి పొడి ఊక వెయ్యండి. జబ్బు సోకిన బ్యాచి లిట్టర్‌ను మాత్రం ఎంత బాగున్నా రెండో బ్యాచికి ఉంచవద్దు.